పేరుకు ముందు చూపు

పేరు తెలిసినంత మాత్రమున వస్తువు తెలిసినట్లేనని మనలో చాలమంది భావన. మన పరీక్షలు కూడ ఈ భావనకే దోహదము చేయుచున్నవి. కవి పేరు, కావ్యము పేరు, అలంకారము పేరు వ్రాసినవానికి మార్కులు వచ్చును. పద్యమును పదిసార్లు చదివి, ఇందులో నాకొక సందేహము మిగిలినదని వ్రాసినవానికి రావు. అధ్యాపకులమైన మేమును ఈ తప్పులో భాగస్థులమే. ఆ సంగతి మాకు తరగతి గదిలో తెలియలేదు. ఆస్ట్రేలియాలో ఒక చిన్న డేగ వలన తెలిసినది. కళాశాల వార్షిక సంచికలో పక్షుల ముచ్చట ఎందుకని పాఠకులు అడుగవచ్చును. చివరిదాక చదివిన పిదప ఆ ప్రశ్నకు వారే సమాధానము చెప్పుకొందురని మా నమ్మిక.

2023 డిసెంబరులో మా అన్నగారింటికి మెల్బోర్ను వెళ్ళినాము. నగరమునకు పడమట, విశాలమైన మైదానపు అంచున వారి ఇల్లు. దూరమున యూ యాంగ్స్ అను చిన్న కొండలు నీలముగా కనబడుచుండును. అక్కడ డిసెంబరు మాసము నడివేసవి. మగ్రిబు వేళ రాత్రి పావు తక్కువ తొమ్మిదికి వచ్చును. ప్రతి సాయంకాలము అన్నగారి కుమార్తెను వెంటబెట్టుకొని దాపుననున్న ఆటస్థలమునకు నడచి వెళ్ళెడివారము. ఆ స్థలము నాలుగు మూలల ఎత్తైన దీపస్తంభములున్నవి.

ఒకనాడు వాటిలో ఒకదానిపై ఒక డేగ వాలినది. తల నలుపు, వీపు ముదురు బూడిద రంగు, రెక్కలు పొడుగు. మరుక్షణమే అది ఎగిరి, గడ్డిపైనున్న పిచ్చుకల గుంపును చెదరగొట్టి, యూకలిప్టస్ చెట్ల వెనుక మాయమైనది. చూచినది మూడు నాలుగు క్షణములకు మించదు. అయినను మేము అమ్మాయితో గట్టిగా, "శాహీన్! పెరెగ్రీన్ డేగ!" అన్నాము. ఇంటికి వచ్చి పుస్తకములో తేదీ వేసి వ్రాసికొన్నాము. అంతటితో ఆగక ఇచ్చటి మా విద్యార్థులకు ఫోనులో సందేశము కూడ పంపినాము. "మాస్టరుగారు శాహీన్‌ను చూచినారట" అని వారు సంతోషించినారు.

ఆ పేరే మా నోటికి ఎందుకు వచ్చినది? దీనికి కారణము చెప్పుకొనవలెను. మా ఇంట ఉర్దూ, వృత్తియందు తెలుగు. ఉర్దూ చదివిన ప్రతి ఇంటిలోను ఇక్బాల్ శాహీన్ ఎగురుచుండును. 1935లో వెలువడిన బాలె జిబ్రీల్‌లో ఆ మహాకవి దానిని గూడు కట్టుకొనని స్వతంత్ర జీవిగా నిలిపినాడు. ఇక తెలుగు కావ్యములలో చకోరము వెన్నెల త్రాగును, హంస పాలను నీటిని వేరుచేయును, చాతకము వానచినుకునకై ఎదురుచూచును. చాతకమును గూర్చి మేము ఎన్నో సంవత్సరములు పాఠము చెప్పినాము. వానకారుకు ముందు మన చెట్లపైకి వచ్చు ఆ నలుపు తెలుపుల జుట్టుకోయిలను మాత్రము ఒక్కమారైనను వెదకి చూచినవారము కాము. ఇట్టి చదువు చదివిన కన్నులకు ఆస్ట్రేలియా ఆకాశమున ఒక డేగ కనబడినంతనే శాహీన్ అనిపించుటలో వింత లేదు.

ఆ ఆటస్థలమున ఒక వృద్ధురాలు మడత కుర్చీ వేసికొని దుర్భిణితో కూర్చుండెడిది. పక్షులను చూచుట ఆమెకు చిరకాలపు అలవాటు. మరునాడు మేము ఆమెతో గర్వముగా మా వార్త చెప్పినాము. ఆమె కొట్టివేయలేదు, మెచ్చుకొననులేదు. "మీరేమి చూచినారు?" అని అడిగినది. "పెరెగ్రీన్ డేగను" అన్నాము. "అది పేరు. మీరు చూచినదేమి?" అన్నది. నొసటిపై తెల్లని గీత ఉన్నదా? నలుపు చెక్కిళ్ళంతట కమ్మినదా, లేక చెక్కిలి వెనుక లేత రంగు మరక ఉన్నదా? రొమ్ముపై నిలువు చారలా, అడ్డ గీతలా? కంటి చుట్టునున్న వలయము పసుపా, లేత నీలమా? ఒక్క ప్రశ్నకైనను మా వద్ద సమాధానము లేదు. తరగతిలో పాఠము చదువక వచ్చిన విద్యార్థి ముఖము ఎట్లుండునో ఆనాడు మా ముఖము అట్లుండి ఉండును.

ఆమె చెప్పిన విషయమును సంగ్రహముగా పాఠకుల ముందుంచుచున్నాము. ఆస్ట్రేలియాలో నిజమైన డేగల కుటుంబమునకు చెందిన పక్షులు ఆరు: నాన్‌కీన్ కెస్ట్రెల్, హాబీ, గోధుమ డేగ, బూడిద డేగ, నల్ల డేగ, పెరెగ్రీన్. వీటిలో కెస్ట్రెల్, హాబీ చిన్నవి. నాన్‌కింగు నగరపు పసుపుపచ్చని నూలుగుడ్డ రంగును బట్టి మొదటిదానికి ఆ పేరు వచ్చినది. అది గాలికెదురుగా ఒకేచోట రెక్కలాడించుచు నిలిచి నేలను పరిశీలించును. తోక చివర నల్లని పట్టె ఉండును. కూర్చున్నపుడు తోక రెక్కల కొనలను దాటి కనబడును. కావున దానిని గుర్తించుట కొంత సులభము. చిక్కంతయు హాబీకిని పెరెగ్రీనుకును మధ్యనే. హాబీని అచ్చటి పాత పుస్తకములు చిన్న డేగ అనియే పిలిచినవి. పొడవు 30 నుండి 36 సెంటీమీటర్లు. ఆడపక్షి మగదానికంటె పెద్దది. పెరెగ్రీన్ బరువు దీనికి రెండింతలకు పైబడి ఉండును. కాని ఎత్తైన స్తంభముపై ఒంటరిగా కూర్చున్న పక్షిని పోల్చి చూచుటకు ప్రక్కన మరొకటి లేనపుడు, చిన్నది పెద్దది అను మాటకు అర్థమే లేదు.

మా అన్నగారి అమ్మాయి ఇదంతయు విని, "హాబీ అంటే ఖాళీ సమయములో చేసే పని కదా, చాచా! పక్షికి అదేమి పేరు?" అని నవ్వినది. చిన్న డేగను తెలుపు పాత ఫ్రెంచి మాట నుండి ఈ పేరు పుట్టినది. కాలక్షేపమునకు చెప్పు హాబీతో దీనికి సంబంధము లేదు. రెండు మాటలు ఒక్కతీరుగా వినబడినంత మాత్రమున ఒకటి కావు. రెండు పక్షుల సంగతియు అంతే.

తరువాతి నాలుగు సాయంకాలములు మేము దుర్భిణితో, కాగితముతో అక్కడ కూర్చున్నాము. మూడు దినములు డేగ రాలేదు. నాలుగవనాడు దాని రాకను మాకు ముందుగా తెలిపినది గోరువంక. అవును, మన గోరువంకయే. 1862 ప్రాంతమున మన దేశపు గోరువంకలను మెల్బోర్నునకు కొనిపోయి వదలినారు. నేడు అవి అచ్చటి వీధులన్నిటను కలవు. వాటి కూత ఒక్కసారిగా మారినది. తల ఎత్తి చూడగా స్తంభముపై డేగ ఉన్నది. అదృష్టవశమున సూర్యుడు మా వెనుక నున్నాడు. వెలుగు ఎదురుగా నున్నచో ప్రతి డేగయు నల్లని నీడయే.

ఈమారు పేరు తలపక, కనబడినదానిని కనబడిన వరుసలో వ్రాసినాము. ముక్కు పైన నొసట లేత రంగు పట్టె. చెక్కిలి వెనుక నుండి మెడ మీదికి వంగిన లేత మరక, సగము కంఠపట్టె వలె. రొమ్ము ఇటుక రంగు, దానిపై ముదురు నిలువు చారలు. కంటి వలయము పసుపు కాదు, లేత నీలము కలిసిన తెలుపు. ముడిచిన రెక్కల కొనలు తోక చివరిదాక వచ్చినవి. దీపములు వెలిగిన పిదప పురుగులు మూగగా, ఆ పక్షి కొడవలి వంటి సన్నని రెక్కలతో వాటి మధ్యకు దూసికొనిపోయి, కాలితో పురుగును పట్టి, ఎగురుచుండగనే ఆ కాలిని ముక్కు వద్దకు తెచ్చుకొని తినుట చూచినాము. అట్లు పదిసార్లకు పైగా చేసినది.

కాగితము చూపగా వృద్ధురాలు సంతోషించినది. కాని వెంటనే మరొక మాట అన్నది. "నిలువు చారలు చూచి హాబీ అనుకొన్నారా? పెరెగ్రీన్ పిల్లకును మొదటి సంవత్సరము నిలువు చారలే ఉండును. దాని కంటి వలయమును లేత నీలముగనే ఉండును." ఆ మాటతో మా ధైర్యము మరల జారినది. అప్పుడామె నొసటి పట్టెను, చెక్కిలి వెనుకటి మరకను, ఇటుక రంగును, సన్నని దేహమును, ఎగిరిన తీరును ఒక్కొక్కటిగా వ్రేలితో చూపినది. ఏ ఒక్క గుర్తును చాలదు. అన్నియు కలిసి ఒకే దిక్కునకు చూపినపుడే పేరు పలుకవలెను. ఆ రాత్రి మేము పుస్తకమున ఆస్ట్రేలియా హాబీ అని వ్రాసి, వెనుకటి పుటలోని పెరెగ్రీన్ అను మాటను కొట్టివేసినాము. దాని స్థానమున హాబీ అని మాత్రము వ్రాయలేదు. మొదటినాడు చూచినది ఇదే పక్షి కావచ్చును, కాని ఆనాడు మేము దేనిని చూడలేదు గనుక, "డేగ, జాతి తేలలేదు" అని వ్రాసినాము. విద్యార్థులకు కూడ తప్పు ఒప్పుకొనుచు మరల సందేశము పంపినాము. మొదటి సందేశమునకంటె రెండవది పంపుట ఎంత కష్టమో పంపినవారికే తెలియును.

ఇక మా అభిప్రాయము చెప్పెదము. తేలలేదు అని వ్రాయుట ఓటమి కాదు. అది ఒక సాక్ష్యము. ఆస్ట్రేలియాలో 1977 నుండి 1981 వరకు, మరల 1998 నుండి 2002 వరకు, దేశమంతటి పక్షుల పటములను తయారుచేసినారు. వేలాది సామాన్యులు తాము చూచినదానిని వ్రాసి పంపగా ఆ పటములు పుట్టినవి. నేడు ఈబర్డ్ వంటి కోశములలో లోకమంతటి వారు ప్రతిదినము తమ లెక్కలు చేర్చుచున్నారు. ఏ పక్షి తగ్గుచున్నది, ఏ అడవిని కాపాడవలెను అను తీర్పులకు ఈ లెక్కలే ఆధారము. మావంటివాడు ఉత్సాహమున వ్రాసిన ఒక అబద్ధపు పెరెగ్రీన్, పరిశీలకుని కంటబడకున్నచో, నిజమైన పెరెగ్రీనుతో సమానముగా లెక్కకు వచ్చును. అరుదైన బూడిద డేగ విషయమున ఇట్టి తప్పు ఇంకను ప్రమాదకరము. లేనిచోట ఉన్నదని నమ్మి, ఉన్నచోట పోవుచున్నదని గ్రహింపకుందుము.

సరియైన గుర్తింపునకు ఎంత బలమున్నదో మన నేలయే చూపినది. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ అను ఆంగ్లేయుడు పక్షుల తెలుగు పేర్లను గూడ శ్రద్ధతో సేకరించినాడు. అతని పేర ప్రసిద్ధమైన కలివికోడి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అది నశించినదనియే పెద్దలు తలచినారు. 1986లో కడప జిల్లా లంకమల అడవులలో అది మరల దొరకినది. రాత్రివేళ తిరుగు ఆ పక్షిని ఎరిగిన స్థానికుని చూపునకును, శాస్త్రజ్ఞుని గ్రంథమునకును పొత్తు కుదిరినందుననే అది జరిగినది. తరువాతి కాలమున ఆ పక్షి నివాసము కొరకు తెలుగు గంగ కాలువ దారిని సైతము మార్చవలసి వచ్చినది. ఒక పక్షికి సరియైన పేరు నిలిచినందున ఒక కాలువ ప్రక్కకు తొలగినది.

కొందరు మిత్రులు మాతో వాదించినారు. నేడు ఫోనుకు పక్షిని చూపినచో, కూత వినిపించినచో, అదియే పేరు చెప్పుచున్నది. ఈ శ్రమ యెందుకని వారి ప్రశ్న. ఆ సాధనములను మేమును వాడుదుము, అవి మంచివే. కాని అవి మనకు పేరు ఇచ్చును, చూపును ఇయ్యవు. మూడు క్షణములు కనబడి మాయమైన పక్షిని ఏ ఫోనును పట్టజాలదు. పైగా ఫోను చెప్పిన పేరు తప్పైనచో, ఆ తప్పును పట్టుకొనుటకు మన కన్నే కావలెను కదా!

మరికొందరిది ఇంకొక ఆక్షేపణ. ఉద్యోగముల కొరకు అల్లాడుచున్న మన విద్యార్థులకు ఆస్ట్రేలియా డేగతో ఏమి పని అని. ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు. మన కళాశాలకు వచ్చువారిలో ఎక్కువమంది ఇంటిలో మొదటిసారి డిగ్రీ చదువువారు. ఐతే వారు రేపు ఏ పని చేసినను ఈ నిగ్రహమే వారికి అన్నము పెట్టును. రోగి లక్షణములను పూర్తిగా వినకముందే జ్వరమునకు పేరు పెట్టిన వైద్యుడు, సాక్షి తాను చూచినదేదో ఊహించినదేదో వేరుచేయని న్యాయవాది, వెళ్ళకముందే వార్త వ్రాసిన విలేకరి, వీరందరిదియు మేము ఆటస్థలమున చేసిన తప్పే.

మనుష్యుల విషయమున ఈ తప్పు ఇంకను బాధాకరము. మా పేరు విన్న క్రొత్తవారు, "ఉర్దూ చెప్పుదురా, అరబ్బీయా?" అని అడుగుదురు. తెలుగు అనగానే ఒక క్షణము ఆగి, "మీకు తెలుగు బాగా వచ్చునే!" అని మెచ్చుకొందురు. వారియందు దురుద్దేశము లేదు. ఒక్క గుర్తు చూచి తీర్పు చెప్పినారు, అంతే. ఇన్నేండ్లు ఆ మెప్పునకు లోలోన నొచ్చుకొన్న మేమే, నల్లని తల ఒక్కటి చూచి ఒక పక్షికి పేరు పెట్టినాము. నొచ్చుకొనుటకు మాకున్న హక్కు ఆనాడు కొంత తగ్గినదని ఒప్పుకొనవలెను.

తిరిగి వచ్చిన పిదప మేము ద్వితీయ సంవత్సరము తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టినాము. కళాశాల ఆవరణలోని ఏదేని ఒక పక్షిని, పేరు వ్రాయక, పది వాక్యములలో వర్ణింపుడని అడిగినాము. చాలమంది కాకిని ఎంచుకొన్నారు. దాదాపు అందరును "ఒళ్ళంతయు నలుపు" అనియే వ్రాసినారు. తెలుగులో కాకి నలుపు అను మాట ఉన్నది కదా! ఒక విద్యార్థిని మాత్రము, "మెడ, రొమ్ము బూడిద రంగు, మిగిలినది నలుపు. నేను ఇన్నాళ్ళు దీనిని నలుపు అనుకొన్నాను" అని వ్రాసినది. ఆమె వ్రాసినదే నిజము. మన ఊరి కాకి మెడ బూడిద రంగుగనే ఉండును. ఒళ్ళంతయు నల్లనిది బొంతకాకి. ఆమె తెలుగు వాక్యములలో దోషములు కొన్ని ఉండెను. అయినను ఆ తరగతిలో అందరికంటె ఎక్కువ మార్కులు ఆమెకే వేసినాము. కొందరు విద్యార్థులు ఇది అన్యాయమన్నారు. మేము వారిని కిటికీ వద్దకు పిలిచి కాకిని చూపినాము.

ఇట్టి పరీక్ష సంవత్సరమునకు ఒకటైనను అన్ని విభాగములలోను పెట్టవలెనని మా సూచన. తెలుగు, ఉర్దూ విభాగములు కలిసి ఆవరణలోని పక్షులకు, చెట్లకు ఒక పుస్తకము తెరువవచ్చును. అందు ప్రతి పుటలోను రెండు గడులు ఉండవలెను: చూచినది ఒకటి, పేరు రెండవది. మొదటి గడి నింపనిదే రెండవది నింపరాదు. రెండవ గడి ఖాళీగా మిగిలినచో దానికి మార్కులు తగ్గింపరాదు.

తిరుగు ప్రయాణమునకు రెండు దినముల ముందు వెరిబీ దాపుననున్న నీటి మడుగుల వద్దకు వెళ్ళినాము. తెల్లవారుజామున నీటి అంచున మేయుచున్న వందలాది పక్షులు ఒక్కపెట్టున లేచినవి. వాటిపై నుండి సన్నని రెక్కల నీడ ఒకటి దూసికొనిపోయినది. అమ్మాయి మా చేయి పట్టుకొని, "హాబీయేనా, చాచా?" అని అడిగినది. దుర్భిణి మా మెడలోనే ఉన్నది. ఎత్తుటకు వ్యవధి చాలలేదు. "తెలియదమ్మా" అన్నాము. ఆమె మా చేతిలోని కలము తీసికొని, పుస్తకమున చిన్న డేగ అని వ్రాసి, పేరు గడిని ఖాళీగా విడిచినది.

విద్యార్థి మిత్రులారా, ఆ పుస్తకమిపుడు మా బల్లపై నున్నది. చూడగోరువారు రావచ్చును.